రంపం చెప్పే మాట

కీసర తెలుసు కదా! హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద వుంది. నందిగామ దాటాక వస్తుంది. పక్కనే మున్నేరు పారుతుంది. ఈ రోడ్డు వెంట రేకుల షెడ్లు చాలా కనిపిస్తాయి. కొన్ని షెడ్లలో ట్రాక్టరు ట్రక్కులు చేస్తారు. కొన్నింట్లో నాగళ్లు, గొర్రులు బాగుచేస్తారు. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాళ్లూ వుంటారు.

అలాంటి షెడ్డు ఒకటి అనుకుందాం. అందులో ఒక బ్యాండ్ సా మిషను వుంది. అంటే ఇనుము కోసే రంపం మిషను. దాని దగ్గర ఒక కుర్రాడు పనిచేస్తున్నాడు. పనిలో చేరి రెండు నెలలయింది.

ఒక వారంలో మూడు బ్లేళ్లు పాడయ్యాయి. యజమానికి కోపం వచ్చింది.

"ఒక్కో బ్లేడు ఎంతో తెలుసా నీకు? ఈ నెల జీతంలో పట్టుకుంటా!" అన్నాడు.

కుర్రాడు తల వంచుకున్నాడు. ఒక్క బ్లేడు ఖరీదంటే అతనికి కొన్ని రోజుల కూలి. మూడు బ్లేళ్లంటే ఇంట్లో బియ్యం డబ్బులు పోయినట్టే.

షెడ్డులో ఒక పాత మేస్త్రి వున్నాడు. ముప్పై ఏళ్ల కిందట రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆయన నెమ్మదిగా లేచాడు.

"ఆగండి బాబూ! తప్పు ఎవరిదో నన్నడగొద్దు, వాడినీ అడగొద్దు. బ్లేళ్లనే అడుగుదాం. అవే చెబుతాయి" అన్నాడు.

"బ్లేళ్లు చెప్పడం ఏంది మేస్త్రీ?" అన్నాడు యజమాని.

"చెబుతాయండి. వినడం రావాలంతే."

మనమూ విందాం రండి. ముందు ఆ మిషను ఎలా పనిచేస్తుందో చూద్దాం.

మిషను ఎలా వుంటుంది?

చేతి రంపం ముందుకు వెళ్తుంది, వెనక్కి వస్తుంది. ముందుకు వెళ్లేటప్పుడే కోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు కోత వుండదు. కరెంటుతో ఆడే పాత హాక్సా మిషను కూడా అంతే. సగం సమయం వృథా.

బ్యాండ్ సా అలా కాదు. దీని బ్లేడు పొడవాటి పట్టీ. రెండు కొసలూ కలిపి అతుకుతారు. గాజులాగా గుండ్రంగా వుంటుంది. దాన్ని రెండు చక్రాల మీద వేస్తారు. ఒక చక్రాన్ని మోటారు తిప్పుతుంది. రెండోది దాంతోపాటు తిరుగుతుంది. పిండిమర బెల్టులాగా బ్లేడు ఆగకుండా తిరుగుతూనే వుంటుంది. కాబట్టి కోత కూడా ఆగకుండా సాగుతుంది.

బ్లేడుకు రెండు వైపులా గైడ్లు వుంటాయి. బ్లేడు పక్కకు పోకుండా ఇవి పట్టి వుంచుతాయి. బ్లేడు వీపు వైపు ఒక చిన్న బేరింగు వుంటుంది. కోసేటప్పుడు బ్లేడు వెనక్కి జరగకుండా అది ఆనిక. ఇనుమును పట్టే దాన్ని వైసు అంటారు. కోత మీద తెల్లటి నీళ్లు పడుతుంటాయి. బ్లేడు పళ్లలోని రజను దులపడానికి తీగల బ్రష్షు వుంటుంది.

ఈ రంపం కథ పాతది. 1809లో ఇంగ్లండులో విలియం న్యూబెరీ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో ఇది కర్రలు కోయడానికే. కానీ ఆ మిషను జనంలోకి రాలేదు. ఎందుకు? బ్లేడు అతుకు దగ్గర తెగిపోయేది. 1846లో ఫ్రాన్సులో యాన్ పాలిన్ క్రెపాన్ అనే ఆమె గట్టిగా అతికే పద్ధతి కనిపెట్టింది. ఆ తర్వాతే ఈ రంపం వాడకంలోకి వచ్చింది. చూశారా! బ్లేడు తెగడం మన కుర్రాడితో మొదలైన బాధ కాదు. రెండు వందల ఏళ్ల బాధ.

మొదటి బ్లేడు: పళ్లు రాలిపోయాయి

మేస్త్రి మొదటి బ్లేడు తీశాడు. అక్కడక్కడ పళ్లు లేవు. ముసలివాళ్ల నోరులాగా వుంది.

"దీంతో ఏం కోశావురా అబ్బాయ్?"

"పైపులు కోశా బాబాయ్. పందిరికి వేసే పలుచని పైపులు."

"అంతకు ముందు మిషను మీద ఏం కోశారు?"

"లావు షాఫ్టులు కోశారు. బ్లేడు మార్చమని ఎవరూ చెప్పలేదు."

మేస్త్రి బ్లేడు మీద ముద్రించిన అంకె చూపించాడు. "3/4" అని వుంది.

ఆ అంకెకు అర్థం ఏమిటి? ఒక అంగుళం పొడవులో మూడు నుంచి నాలుగు పళ్లు వున్నాయని. అంటే పెద్ద పళ్ల బ్లేడు. 10/14 అని వుంటే అంగుళానికి పది నుంచి పద్నాలుగు పళ్లు. అది సన్న పళ్ల బ్లేడు.

నిండు ఇనుము కోసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఇనుములో వుండాలి. పైపు గోడ పలుచన. పెద్ద పళ్ల బ్లేడు పెడితే గోడ పంటికీ పంటికీ మధ్య సందులో పడుతుంది. వెనక వచ్చే పన్ను దానికి కొట్టుకుంటుంది. పన్ను విరుగుతుంది. పెద్ద పళ్ల దువ్వెనతో పేలు దువ్వితే ఏం లాభం? అలాగే ఇదీ.

అంగుళాల లెక్కన సుమారుగా ఇలా వాడొచ్చు:

లావు 4 అంగుళాల నిండు షాఫ్టుకు 3/4 బ్లేడు.
2 అంగుళాల నిండు షాఫ్టుకు 4/6 బ్లేడు.
పలుచని పైపులకు, రేకు గొట్టాలకు 10/14 బ్లేడు.

పలుచని పైపులో మూడు పళ్ల లెక్క ఒక్కోసారి కుదరదు. అప్పుడు సన్న పళ్ల బ్లేడు వేయాలి. కోతను నెమ్మదిగా దింపాలి.

పళ్లు రాలడానికి ఇంకా కారణాలు వున్నాయి.

వైసులో ఇనుము వదులుగా వుంటే కోత మధ్యలో కదులుతుంది. పళ్లు విరుగుతాయి. నాలుగు పైపులు కలిపి కోస్తుంటే ఒక్కటి తిరిగినా చాలు.

బ్రష్షు అరిగిపోతే పళ్ల సందుల్లో రజను నిండిపోతుంది. ఆ రజనుతోనే బ్లేడు మళ్లీ కోతలోకి పోతుంది. ఇరుక్కుంటుంది.

యాంగులర్ కోసేటప్పుడు దాన్ని ఇంటి పైకప్పులాగా బోర్లించి పెట్టాలి. మూల పైకి వుండాలి. అప్పుడు రెండు రెక్కలూ సమానంగా తెగుతాయి. ఒక రెక్కను పడుకోబెడితే బ్లేడు ఒక్కసారే అంత వెడల్పునూ కోయాలి. తర్వాత హఠాత్తుగా పలుచని రెక్క తగులుతుంది. పళ్లకు అది దెబ్బ.

రెండో బ్లేడు: కొత్తదే, అయినా ఇరుక్కుంది

రెండో బ్లేడు కొత్తది. ఒక్క పూట కూడా పని చేయలేదు. పళ్లు విరిగాయి, పట్టీ మెలి తిరిగింది.

"ఇది ఎట్టా అయింది?"

"పాత బ్లేడు సగం షాఫ్టు కోశాక పాడయింది బాబాయ్. కొత్తది వేసి, అదే కోతలో దించా."

"అదీ సంగతి!" అన్నాడు మేస్త్రి.

బ్లేడు పళ్లు తిన్నగా వుండవు. ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకు కొంచెం వంగి వుంటాయి. అందుకే కోత బ్లేడు మందం కంటే వెడల్పుగా పడుతుంది. బ్లేడు సులువుగా ఆడుతుంది. పాతబడేకొద్దీ ఆ పక్క పళ్లు అరుగుతాయి. కోత సన్నబడుతుంది. ఆ సన్న కోతలో కొత్త బ్లేడు పట్టదు. కొత్త చెప్పు పాత కొలతకు పట్టనట్టే. బలవంతంగా దించితే ఇరుక్కుంటుంది.

కొత్త బ్లేడును పాత కోతలో దించకండి. ఇనుమును తిప్పి పెట్టండి. వేరే చోట కొత్తగా కోత మొదలు పెట్టండి.

ఇంకో మాట. కొత్త బ్లేడు పళ్ల కొసలు బాగా వాడిగా, సన్నగా వుంటాయి. మొదటే ఒత్తిడి పెడితే ఆ కొసలు చిట్లుతాయి. కాబట్టి మొదటి పది పదిహేను నిమిషాలు సగం ఒత్తిడితో కోయాలి. తర్వాత మెల్లగా పెంచాలి. కొత్త ఎద్దును మొదటి రోజే నిండు బండికి కట్టం కదా!

"ఈ సంగతి వాడికి ఎవరైనా చెప్పారా?" అని మేస్త్రి అడిగాడు. యజమాని మాట్లాడలేదు.

మూడో బ్లేడు: వీపు వైపు నుంచి తెగింది

మూడో బ్లేడు రెండు ముక్కలయింది. మేస్త్రి తెగిన చోటు వెలుతురులో పెట్టి చూశాడు.

తెగిన బ్లేడు మూడు రకాలుగా కథ చెబుతుంది.

ఒకటి. అతుకు దగ్గరే తెగితే, అతుకు సరిగా పడలేదన్నమాట. బ్లేడు అమ్మిన చోట చూపించాలి.

రెండు. పళ్ల అడుగు నుంచి పగులు మొదలైతే, బ్లేడును మరీ బిగించి వుంటారు. లేదా కోతను మరీ తోసి వుంటారు. లేదా బ్లేడు వయసు అయిపోయి వుంటుంది. బ్లేడు చక్రం దగ్గర వంగుతుంది, మళ్లీ తిన్నగా అవుతుంది. రోజంతా ఇదే పని. తీగను అటూ ఇటూ వంచుతూ వుంటే చివరికి ఏమవుతుంది? తెగుతుంది. బ్లేడూ అంతే.

మూడు. వీపు వైపు నుంచి పగులు మొదలైతే, బ్లేడు వీపు దేనికో రాసుకుంటున్నది. చక్రం అంచుకు కావచ్చు. వెనక ఆనిక బేరింగుకు కావచ్చు.

ఈ బ్లేడు వీపు నున్నగా మెరుస్తున్నది. అంచు చదునై, పక్కలకు కొంచెం పొంగింది. పగులు అక్కడి నుంచే మొదలయింది.

మేస్త్రి మెయిను ఆపాడు. మిషను తలుపు తీశాడు. వెనక ఆనిక బేరింగును వేలితో తిప్పాడు. అది తిరగలేదు. బిగుసుకుపోయింది. దాని మీద గాడి పడింది.

"ఇది తిరగాలండి. ఇది తిరగకపోతే బ్లేడు దీని మీద రాసుకుంటుంది. ఒరలో రాసినట్టు రాసుకుని, వేడెక్కి, గట్టిపడి, పగులుతుంది. ఎంత మంచి బ్లేడు వేసినా ఇంతే."

యజమాని కాసేపు ఆ బేరింగు వంకే చూశాడు.

"బేరింగు పోయిందని నువ్వు పండగ ముందే చెప్పావు మేస్త్రీ. పని వత్తిడిలో నేనే వాయిదా వేశాను" అన్నాడు.

ఇదీ మూడు బ్లేళ్లూ చెప్పిన మాట. మొదటిది పైపుకు తగిన బ్లేడు కాదు. రెండోది పని నేర్పకపోవడం వల్ల పోయింది. మూడోది మిషను లోపం. కుర్రాడు మూడింటి దగ్గరా వున్నాడు. కానీ తప్పు ఒక్కడిదీ కాదు.

జీతంలో కోత గురించి కూడా ఒక మాట తెలుసుకోండి. పనివాడి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలితేనే కోత పెట్టవచ్చు. పెట్టే ముందు అతని మాట కూడా వినాలి. ఈ నియమం 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే వుండేది. 2019లో చేసిన వేతనాల కోడ్‌లో కూడా వుంది.

రజను చూడండి

"బ్లేడు చెడ్డాక తెలుసుకోవడం ఒక ఎత్తు. చెడకముందే తెలుసుకోవడం ఇంకో ఎత్తు" అన్నాడు మేస్త్రి. కింద పడ్డ రజను చూపించాడు.

రజను వంకీలు తిరిగి, తెల్లగా మెరుస్తూ వుంటే కోత బాగున్నట్టు.

రజను పిండిలాగా రాలుతుంటే ఒత్తిడి చాలడం లేదు. పళ్లు కోయడం లేదు, రుద్దుతున్నాయి. రుద్దితే పళ్లు మొద్దుబారతాయి. కొంచెం ఒత్తిడి పెంచాలి. లేదా వేగం తగ్గించాలి.

రజను లావుగా, నీలం రంగులో, కాలినట్టు వుంటే వేడి ఎక్కువయింది. ఒత్తిడి తగ్గించాలి. వేగం కూడా చూసుకోవాలి. నీళ్లు సరిగా పడుతున్నాయా చూడాలి.

రజనును కంటితో చూడండి. చేత్తో మాత్రం తీయవద్దు. మిషను ఆపాక బ్రష్షుతో ఊడవండి.

వేగం సంగతి

అన్ని ఇనుములకూ ఒకే వేగం పనికిరాదు. మామూలు మెత్తని ఇనుముకు బ్లేడు నిమిషానికి సుమారు 60 నుంచి 80 మీటర్లు నడవవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకు అందులో సగం చాలు. స్టెయిన్‌లెస్‌ను ఊరికే రుద్దితే పైపొర ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి వేగం తక్కువ, ఒత్తిడి నిలకడగా వుండాలి.

మన షెడ్లకు లారీల పాత కమాను పట్టీలు వస్తుంటాయి. గొర్రు పళ్లకు, గడ్డపారలకు అవి బాగుంటాయని తెస్తారు. అది పదును పెట్టిన గట్టి ఉక్కు. దాన్ని బ్యాండ్ సా మీద పెడితే పళ్లు ఒక్క నిమిషంలో మొద్దుబారతాయి. దాన్ని రాయి చక్రంతోగానీ, గ్యాసుతోగానీ కోయండి.

తెలియని ఇనుము వచ్చిందా? ముందు ఆకురాయితో గీసి చూడండి. ఆకురాయి పట్టి గీత పడితే కోయొచ్చు. గాజు మీద జారినట్టు జారితే అది గట్టి ఉక్కు. రంపానికి పెట్టవద్దు. గ్యాసుతో కోసిన కొసలు, వెల్డింగు చుక్కలు కూడా గట్టిగా వుంటాయి. అక్కడ కోత మొదలు పెట్టవద్దు.

కోత వంకర పోతుంటే

ఇది అందరూ చెప్పే బాధ. పైన తిన్నగా మొదలై కింద పక్కకు పోతుంది. అలాంటి ముక్కలు వెల్డింగుకు కలవవు. వరసగా ఇవి చూడండి.

మొదట బ్లేడు బిగువు. వదులైన బ్లేడు వదులు దారంలాగా అటూ ఇటూ పోతుంది. మిషను పుస్తకంలో చెప్పినంత బిగించాలి.

రెండోది గైడ్లు. జరిపే గైడును ఇనుముకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. దూరంగా వుంటే మధ్యలో బ్లేడుకు ఆసరా వుండదు. చాలా షెడ్లలో పెద్ద ముక్క కోసి, తర్వాత చిన్న ముక్క కోసేటప్పుడు గైడు జరపడం మరిచిపోతారు.

మూడోది గైడ్ల అరుగుదల. అవి అరిగితే బ్లేడు వాటి మధ్య ఆడుతుంది.

నాలుగోది ఒత్తిడి. తొందరపడి తోస్తే బ్లేడు పక్కకు వంగుతుంది.

అయిదోది పళ్లు. ఒక పక్క పళ్లు మొద్దుబారితే బ్లేడు వాడిగా వున్న పక్కకు లాగుతుంది. అప్పుడు బ్లేడు మార్చడమే.

చివరగా మూలమట్టం తెచ్చి వైసుకూ బ్లేడుకూ పెట్టి చూడండి. వైసే వంకరగా వుంటే బ్లేడును తిట్టి లాభం లేదు.

బ్లేడు చక్రం మీంచి జారుతుంటే

బిగువు తక్కువై వుంటుంది. లేదా చక్రం మీద రజను పేరుకుని వుంటుంది. లేదా చక్రం బేరింగు అరిగి చక్రం ఒరిగి వుంటుంది. మెయిను ఆపి, తలుపు తీసి, చక్రం తుడవండి. చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే బేరింగు పోయినట్టే.

బ్లేడు వీపుకూ చక్రం అంచుకూ మధ్య కొద్దిగా సందు వుండాలి. రాసుకుంటే మూడో బ్లేడు గతే పడుతుంది.

సాయంత్రం పని అయ్యాక బ్లేడు బిగువు వదలండి. పొద్దున్నే మళ్లీ బిగించండి. ఎద్దు కాడి దించినట్టు. బ్లేడూ నిలుస్తుంది, చక్రాల బేరింగులూ నిలుస్తాయి.

మిషను ఆడుతున్నా కోత పడకపోతే

ఇది మన రైతులందరికీ తెలిసిన విషయమే. కరెంటు లైను బాగుచేసి వెళ్తారు. మోటారు వేస్తాం. తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. ఎందుకు? మోటారు తిరగబడి తిరుగుతున్నది. మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి.

బ్యాండ్ సాకు కూడా ఇదే జరుగుతుంది. బ్లేడు వెనక్కి నడుస్తుంది. పళ్లు వీపుతో రుద్దుతాయి. కోత పడదు, పొగ వస్తుంది. మిషను మీద బాణం గుర్తు వుంటుంది. కరెంటు పని ఏది జరిగినా తర్వాత మిషనును ఒక్క క్షణం వేసి ఆపండి. బ్లేడు బాణం వైపే నడిచిందా చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియనుతో రెండు వైర్లు మార్పించండి.

ఒక్కోసారి మోటారు సరిగానే తిరుగుతుంది, బ్లేడు తిరగేసి వుంటుంది. చుట్ట విప్పేటప్పుడు లోపలి వైపు బయటికి వస్తుంది. పళ్ల కొసలు బ్లేడు నడిచే వైపు చూడాలి. అటు చూడకపోతే బ్లేడు తీసి, మెలి తిప్పి, మళ్లీ వేయాలి.

మోటారు తిరగకుండా ఊరికే మూలుగుతుంటే వెంటనే ఆపండి. ఒక ఫేజు పోయి వుండవచ్చు. అలాగే వుంచితే మోటారు కాలిపోతుంది.

తెల్లటి నీళ్లు

కోత మీద పడే నీళ్లలో ఒక ఆయిలు కలుపుతారు. అందుకే అవి పాలలాగా తెల్లగా వుంటాయి. అవి వేడి తగ్గిస్తాయి, రజను కడుగుతాయి, తుప్పు పట్టకుండా చూస్తాయి. మామూలుగా పది పాళ్ల నీళ్లకు ఒక పాలు ఆయిలు కలుపుతారు. డబ్బా మీద రాసి వున్న కొలత చదివి కలపండి. ముందు నీళ్లు పోయాలి. తర్వాత ఆయిలు పోస్తూ కలపాలి. తిరగేసి పోస్తే సరిగా కలవదు, గడ్డలు కడుతుంది.

మన వైపు ఎండాకాలం ఎలా వుంటుందో తెలుసు కదా! నీళ్లు ఆవిరై పోతాయి. ఆయిలు మిగిలి చిక్కబడుతుంది. అప్పుడప్పుడు నీళ్లు కలుపుతూ వుండాలి. కుళ్లు వాసన వస్తే మొత్తం పారబోసి, తొట్టి కడిగి, కొత్తవి కలపాలి. పారబోసేది మున్నేట్లోకో, పొలం కాలవలోకో కాదు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వాలి. పాడైన నీళ్లు తగిలితే చేతులకు దురద, పుండ్లు వస్తాయి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

పోత ఇనుమును మాత్రం మామూలుగా నీళ్లు లేకుండానే కోస్తారు.

బ్లేడు పోతే కొనొచ్చు. వేలు పోతే?

"ఇంతసేపూ బ్లేడు గురించి చెప్పాను. ఇప్పుడు నీ గురించి విను" అన్నాడు మేస్త్రి. తన ఎడమ చెయ్యి చూపించాడు. చిటికెన వేలు సగమే వుంది.

ఈ జాగ్రత్తలు మరవకండి.

మిషను తలుపు తీసే ముందు స్విచ్చి ఒక్కటే కాదు, మెయిను ఆపండి. ఫ్యూజు కట్టె మీ జేబులో వేసుకోండి.

బ్లేడు మార్చేటప్పుడు తోలు గ్లవుజులు వేసుకోండి. చుట్టిన బ్లేడు స్ప్రింగులాగా విచ్చుకుంటుంది. మొహానికి దూరంగా పట్టుకుని విప్పండి. పక్కన ఎవరూ వుండకూడదు.

మిషను నడిచేటప్పుడు మాత్రం గ్లవుజులు వద్దు. బ్లేడు గుడ్డను పట్టుకుంటే చెయ్యి కూడా లాగుతుంది. మెడలో తువ్వాలు, వేలికి ఉంగరం, వదులు చొక్కా వద్దు.

కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

తెగే ముక్కను చేత్తో పట్టుకోవద్దు. కింద స్టాండు పెట్టండి.

ప్రమాదం జరిగితే ముందు మెయిను ఆపండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదమండి. చెయ్యి పైకెత్తి వుంచండి. 108కి ఫోను చేయండి. వేలు తెగి పడితే దాన్ని తడి శుభ్రమైన గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని మంచు ముక్కల మీద పెట్టండి. వేలు నేరుగా మంచుకు తగలకూడదు. మనిషితోపాటే ఆసుపత్రికి పంపండి. పసుపు, కాఫీ పొడి, గ్రీజు గాయానికి పెట్టవద్దు.

ఒక నోటు పుస్తకం

మర్నాడు మేస్త్రి ఒక నోటు పుస్తకం తెచ్చాడు. దారంతో మిషనుకు కట్టాడు.

"నీకు చదవడం వచ్చుగా?"

"నిదానంగా చదువుతా బాబాయ్."

"నిదానంగానే రాయి. ఎవరు తొందర పెట్టారు?"

కుర్రాడు రాసిన మొదటి పేజీ ఇది:

సోమవారం. కొత్త బేరింగు వేశారు. 4/6 బ్లేడు వేశాం. పావుగంట మెల్లగా కోశాం. రజను వంకీలు వచ్చింది.

మంగళవారం. 2 అంగుళాల షాఫ్టులు 12 ముక్కలు. కోత తిన్నగా వుంది.

బుధవారం. పైపులు వచ్చాయి. 10/14 బ్లేడు మార్చాం. పళ్లు బాగున్నాయి.

గురువారం. కరెంటు లైను పని జరిగింది. మిషను వేసి చూస్తే బ్లేడు వెనక్కి నడిచింది. ఆపేశాం. వైర్లు మార్పించాం.

గురువారం రాసింది యజమాని రెండుసార్లు చదివాడు. ఆ రోజు చూసుకోకుండా కోసి వుంటే ఇంకో బ్లేడు పోయేది. ఆయన పుస్తకం మూసి దాని చోట వేలాడదీశాడు. నెలాఖరున కుర్రాడి జీతం కోత లేకుండా చేతికి వచ్చింది.

ఈ పుస్తకం ఖరీదు తక్కువ. కానీ ఏ బ్లేడు ఎన్ని రోజులు వచ్చిందో చెబుతుంది. ఏ తప్పు మళ్లీ మళ్లీ జరుగుతున్నదో చెబుతుంది. ఎవరి మీదా ఊరికే నింద పడకుండా చూస్తుంది. మీ పిండిమరకు, మీ బోరు మోటారుకు, మీ ట్రాక్టరుకు కూడా ఇలాంటిది ఒకటి కట్టండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. బ్లేడు మీద 10/14 అని వుంది. దాన్ని దేనికి వాడతారు?
2. రజను పిండిలాగా రాలుతున్నది. ఏం చేస్తారు?
3. బ్లేడు వీపు వైపు నుంచి పగిలింది. ముందు ఏం చూస్తారు?
4. కరెంటు పని జరిగాక మిషను ఎందుకు పరీక్షించాలి?
5. మీరు పనిచేసే చోట ఏదైనా వస్తువు పాడైతే ముందు ఎవరిని అంటారు? కారణం ఎలా వెతుకుతారు?